తొమ్మిదడుగుల ఆరంగుళాలు

ఒంగోలు షోరూములో రెండు టీవీలు పక్కపక్కన పెట్టి
ఒకే చిలకని రెండిట్లో ఎగరేశాడు కుర్రాడు.
"దగ్గరికి రండి సార్, ఈక మీద ఈనె చూడండి" అన్నాడు.
వెళ్ళాను. మూరెడు దూరంలో నిలబడ్డాను.
నిజమే. ఈనె పక్కన ఈనె, నూగు మీద నూగు.
పక్క టీవీలో చిలక, పాపం,
ఎండకి వెలిసిన చీర.
పద్దెనిమిది వేలు ఎక్కువ.
వాయిదాల కాగితం మీద సంతకం పెట్టేదాకా
వెనక్కి ఒక్క అడుగు వేయలేదు నేను.

వేయాల్సింది.
ఇరవై ఆరేళ్ళుగా చీమకుర్తిలో
నాకు జీతమిచ్చేదే అందుకు.
పాలిష్ అయిన పలకకి ముక్కు ఆనించి చూస్తే
నల్లరాతిలో బంగారు చుక్కలు ఒక్కొక్కటీ లెక్కకొస్తాయి.
నాలుగడుగులకి అమావాస్య ఆకాశం.
ఏడడుగులకి ఉందా లేదా అన్నట్టు పలచటి మెరుపు.
పదడుగులకి నలుపు. ఉత్త నలుపు.
చుక్కలు ఎక్కడికీ పోవు,
కన్నే ఇక చాలనుకుంటుంది.
కొనేవాడు భూతద్దంతో వంగుతాడు.
వాడింట్లో ఆ రాతి మీద నడిచేవాళ్ళు
ఒక్కరూ వంగరు.
ఈ మాట ఎంతమందికి చెప్పానో, నవ్వుతా.

మా ఇంట్లో మంచం నుంచి గోడకి
తొమ్మిదడుగుల ఆరంగుళాలు.
కొలిచాను, రాయి కొలిచే టేపుతోనే.
మొదటి రాత్రి అందరం వరసగా కూర్చున్నాం.
"బో బాగుంది" అంది మాలకొండమ్మ.
కాసేపాగి,
"పాతదాన్లో కూడా ఈమె ముక్కుపుడక ఎర్రరాయేగా?" అంది.
బావమరిది గురవయ్య కేబులు డబ్బా వైపు చూశాడు.
"ఇది పాతదేగా బావా.
బొక్కెన ఇత్తడిదైతే ఉప్పుబావి తియ్యగవుద్దా?"

మంచం ముందుకు జరిపాను.
బీరువా తలుపు తెరుచుకోలేదు.
మళ్ళీ వెనక్కి.

చిన్నది సుభాషిణి మాత్రం
తెరకి రెండడుగుల్లో, నేల మీద బోర్లా పడుకుని
గడ్డం కింద చేతులు పెట్టుకుని
"నాన్నా, చేప పొలుసులు లెక్కపెట్టొచ్చు" అంటుంది.
"కళ్ళు పోతాయి, వెనక్కి రా" అని కసురుతాను.
ఇంట్లో ఆ పద్దెనిమిది వేలు కనబడేది దానికొక్కదానికే,
దాన్నే అక్కడ ఉండనివ్వను.

మూడోనాటికి తెర మసకేసింది.
కోత మిల్లుల దుమ్ము.
మా ఊళ్ళో పెరుగు మీద మూత తీసేలోపే వాలుతుంది,
టీవీ ఒక లెక్కా.
మాలకొండమ్మ నా పాత లుంగీ ముక్క తడిపి
ఓ మూలనించి తుడుచుకుంటా వచ్చింది.
తుడిచిన మేర రంగులు లేచి నిలబడ్డాయి,
తుడవని మేర నిన్నటి పాలమీగడ.
"ఇదిగో, ఇప్పుడు తెలిసింది తేడా" అంది.
మంచం మీదున్న నాకూ తెలిసింది.
వాయిదా ఇంకా పదకొండు నెలలుంది,
ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
మంచినీళ్ళ చెంబు కోసం సెల్లు లైటు వేస్తే
వెలుగు ఏటవాలుగా తెర మీద పడింది.
నల్లటి పలక.
నాలుగడుగుల పొడవు, రెండుంబావు ఎత్తు,
అంచు పగల్లేదు, గీత లేదు, చార లేదు.
తుడిచాక మళ్ళీ పట్టిన కొత్త దుమ్ము
దాని నిండా చుక్క చుక్కగా మెరుస్తా ఉంది.
మంచం మీంచి, కదలకుండా,
ప్రతి చుక్కా కనబడింది.

మొదటి రకం, అనుకున్నాను.
సుద్దముక్క కోసం చెయ్యి చెవి మీదికి పోయింది.